మద్య విధానం – బాలల భద్రత

మద్యపానం వ్యక్తిగత వ్యసనమే అయినా, మద్యం ఇంటి గడపకు ఎంత చేరువలో ఉండాలో నిర్ణయించేది ప్రభుత్వ విధానమే. ఆంధ్రప్రదేశ్ చరిత్రే ఇందుకు నిదర్శనం.

1980వ దశకంలో 'వారుణి వాహిని' పథకం వలన సారా పొట్లాలు పల్లెపల్లెకూ చేరాయి. కూలి డబ్బు సారాకు కరిగిపోగా, ఎన్నో ఇళ్ళలో పస్తులు, తన్నులు మిగిలాయి. తల్లిపై లేచిన చేయి బిడ్డలనూ విడిచిపెట్టలేదు. పలువురు పిల్లలు బడి మాని పనికి పోవలసి వచ్చింది.

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాలు నేర్చుకుంటూ తమ దుఃఖానికి మూలాన్ని గుర్తించారు. సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. ఆదాయం తగ్గి, దొంగ రవాణా పెరగడంతో 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది.

గృహహింసకు మద్యమొక్కటే కారణం కాదు. నిషేధమొక్కటే పరిష్కారమూ కాదు. అయినా దుకాణాల సంఖ్య, ధర, అమ్మకపు వేళలు నిర్ణయించే పాలకులు ఖజానా రాబడితోపాటు పసివారి క్షేమాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఆపదలో ఉన్న బాలలకు 1098 నంబరు ద్వారా సహాయం లభిస్తుంది. ఆ సహాయం కోరవలసిన అవసరమే రాని ఇల్లు ప్రతి బిడ్డకూ దక్కాలి.