హైదరాబాదు ఫిరంగి కార్ఖానా : తొలి చరిత్ర

హైదరాబాదు నగరమున ఫతేమైదానమునకు సమీపమందు గన్‌ఫౌండ్రీ అను పేట కలదు. ఉర్దూ వ్యవహారమున దీనికే ‘తోప్ కా సాంచా’ అని పేరు. తోప్ అనగా ఫిరంగి. సాంచా అనగా అచ్చు. ఒకప్పు డిచ్చట ఫిరంగులను పోతపోసిరను విషయమును రెండు పేర్లును సమానముగ తెలుపుచున్నవి. ఈ కార్ఖానా యేల పుట్టినది, దానిని పోషించిన సైన్యము మూడేండ్లలోనే యేల అంతరించినది అను రెండు ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ముందుగా శబ్దమును గూర్చి యొక మాట. తెలుగున ఫిరంగి యను పదము ఆయుధవాచకమగుటకు పూర్వము జాతివాచకము. ఐరోపా వారిని పారసీకులు ‘ఫరంగీ’ అని వ్యవహరించిరి. వారి యాయుధమునకు ఆ పేరే నిలిచినది. తుపాకి, తోపు అను పదములు తురుష్క భాషనుండి పారసీకము ద్వారా వచ్చినవి. గుండు, మందు అనునవి మాత్రము మన దేశ్యపదములు. అనగా యంత్రమునకు పరాయి పేరును, దానిలో కూరు పదార్థమునకు ఇంటి పేరును వాడుకైనవి.

కార్ఖానా నిర్మాణమునకు సూత్రధారి మిషెల్ జోకిమ్ మరీ రేమోఁ. ఇతడు 1755లో ఫ్రాన్సు దేశపు గాస్కనీ సీమలో జన్మించి, 1775లో పుదుచ్చేరికి వచ్చెను. కొంతకాలము హైదరాలీ కొలువునను, పిమ్మట బుస్సీ సేనాపతి క్రిందను పనిచేసి, 1786 ప్రాంతమున రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాను సేవలో ప్రవేశించెను. ఆనాటి కతని బలము సుమారు మూడువందల మంది. వారి తుపాకులు సైతము స్వంతము గావు. ఒక ఫ్రెంచి వర్తకుని యొద్ద ఒక్కొక్కటి నెలకు ఎనిమిదణాల అద్దెకు తెచ్చినవి. ఈ యల్ప విషయమే తరువాతి చరిత్ర కంతకును మూలము. అద్దె యాయుధముతో పోరు సైన్యము వర్తకుని దయకు లోబడి యుండును. సముద్రముపై ఆంగ్లేయుల నౌకాబల మధికమైన కాలమున ఫ్రెంచి సరకును నమ్ముకొనుట మరింత కష్టము.

1795 మార్చిలో ఖర్దా యొద్ద నిజాము మరాఠాల చేతిలో ఓడెను. అప్పుడు తన యొద్దనున్న ఆంగ్ల కంపెనీ పటాలములు, గవర్నరు జనరల్ సర్ జాన్ షోర్ అవలంబించిన తటస్థనీతివలన, ఆ యుద్ధమున పాల్గొనలేదు. నిజాము కోపించి వానిని పంపివేసి, రేమోఁ దళమును పెంచెను. అదే సంవత్సరము రాకుమారుడు అలీజా తిరుగబడగా రేమోఁయే అణచెను. దళము పదునాలుగు వేలకు మించినది. ఇంతటి సేనకు ఫిరంగులు, తుపాకులు, మందు నిరంతరము కావలెను. అందుచేత ఐరోపా అధికారుల పర్యవేక్షణమున కార్ఖానాలు వెలసినవి. నేడు శిథిలమై కానవచ్చు తోప్ కా సాంచా 1795 నాటిదని ప్రసిద్ధి.

ఆ కాలమున ఫిరంగులకు కంచు ముఖ్యలోహము. పదిపాళ్ళలో తొమ్మిదిపాళ్ళు రాగి, ఒకపాలు తగరము. కఱ్ఱ ఇరుసుపై త్రాడు చుట్టి, మట్టి మెత్తి ఫిరంగి యాకృతిని చేయుదురు. దానిపై మఱల మట్టి పొరలు వేసి, ఆరబెట్టి, ఇనుపపట్టీలు బిగించి, లోని యాకృతిని తీసివేయుదురు. మిగిలిన బోలు అచ్చును గోతిలో నిలువుగ పాతి కరగిన లోహమును పోయుదురు. పూర్వము నడుమ నొక కడ్డీ నుంచి గొట్టముగా పోసెడివారు. పదునెనిమిదవ శతాబ్దిలో మారిట్జ్ అనువాడు ఫ్రాన్సున ప్రవేశపెట్టిన పద్ధతిలో గట్టిదిమ్మగా పోసి పిమ్మట తొలిచిరి. ఇందువలన రంధ్రము వంకర లేక, గుండు గురి తప్పక పోవును. మందునకు నాలుగింట మూడుపాళ్ళు సురేకారము, తక్కినది బొగ్గు, గంధకము.

తెలంగాణమున లోహవిద్య అంతకు పూర్వమే లేకపోలేదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. కాని ఆ యుక్కు కత్తివాదరకు తగినది. చిన్న చిన్న ముద్దలుగా మాత్రమే లభించునది. ఫిరంగికి ఒక్కమారే బరువైన లోహరాశి కరగవలెను. కావున రేమోఁ కార్ఖానా ఆ సంప్రదాయమునకు కొనసాగింపు కాదు. దాని ప్రక్కనే వెలసిన వేరు విద్య.

రేమోఁ 1798 మార్చి 25న మరణించెను. పిరోన్ అతని స్థానమునకు వచ్చెను. వెల్లెస్లీ ప్రభువునకు ఫ్రెంచి అధికారులపై భయము. టిప్పుతో యుద్ధము సమీపించుచున్నది. 1798 సెప్టెంబరు 1 నాటి సంధిచే నిజాము ఆరువేల కంపెనీ సిపాయిలను ఏటా 24,17,100 రూపాయల వ్యయమున పోషించుటకును, ఫ్రెంచివారిని తొలగించుటకును అంగీకరించెను. జీతపు బకాయిలకై దళము తన యధికారులనే నిర్బంధించి యుండగా, అక్టోబరు 22న కంపెనీ సేన చుట్టుముట్టి రక్తపాతము లేకయే ఆయుధములను దింపించెను. ఆయుధములు చేయు శక్తి యుండియు జీతములు చెల్లించు క్రమము లేకున్న సైన్యము నిలువదని ఈ సంఘటనము తెలుపుచున్నది. ఖర్దాలో కంపెనీ పటాలములు కలిసిరాలేదని స్వంతబలమును పెంచుకొన్న ప్రభువు, మూడేండ్లకే మఱల ఆ పటాలములకే వశుడయ్యెను.

ప్రజలు మాత్రము రేమోఁను మఱవలేదు. హిందువులు మూసారాముడనియు, ముస్లిములు మూసారహీమనియు నతనిని పిలిచిరి. మూసారాంబాగు పేరు అందుండి వచ్చినదే. ఇందలి ‘మూసా’ ఫ్రెంచి గౌరవవాచకమైన మొస్యో యొక్క రూపాంతరము. లోహము కరగించు తెలుగు మూసతో దీనికి సంబంధము లేదు. ధ్వనిసామ్యము నాశ్రయించి స్థలనామములను విడదీయు పరిశోధకు లిది గమనింపదగును. అతని సమాధి మలక్‌పేట సమీపమున అస్మాన్‌గఢ్ గుట్టపై నున్నది. 

నగరమునకు పడమర ఎద్దుమైలారమున 1984లో నెలకొన్న కర్మాగారము పదాతిదళపు కవచవాహనములను నిర్మించుచున్నది. ఎనిమిదణాల అద్దె తుపాకినుండి అంతవరకు గల చరిత్రను కూర్చుటకు తోప్ కా సాంచా గోడలు, పేటల పేర్లు, సంధిపత్రములు మూడును కలిపి చదువవలసి యున్నది. వీనిలో ఏ యొక్కటియు తక్కిన రెండింటి పనిని చేయజాలదు.