వరల్డ్ కప్ ఫైనల్‌కి ముందు విషం పెట్టిందెవరు? 'సూజీ' మిస్టరీ

1995 జూన్ 22, గురువారం. దక్షిణాఫ్రికాలో రగ్బీ వరల్డ్ కప్ జరుగుతోంది. ఫైనల్‌కి ఇంకా రెండు రోజులే టైముంది. జోహన్నెస్‌బర్గ్‌లో హోటల్లో దిగిన న్యూజిలాండ్ ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వాంతులతో మంచాన పడ్డారు. టీమ్‌లో చాలామందిది అదే పరిస్థితి.

అదేమీ మామూలు టీమ్ కాదు. నాలుగు రోజుల ముందే సెమీస్‌లో ఇంగ్లండ్‌ను 45-29తో ఉతికి ఆరేసింది. జోనా లోము ఒక్కడే నాలుగు ట్రైలు కొట్టాడు. అంటే నాలుగుసార్లు బంతిని గోల్ లైన్ దాటించి నేలకి ఆనించాడన్నమాట.

అవతల దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష కారణంగా అంతకుముందు రెండు వరల్డ్ కప్‌లకూ దూరమైన దేశం. జూన్ 24న ఎలిస్ పార్క్‌లో మండేలా ఆరో నంబర్ జెర్సీ వేసుకుని వచ్చారు. స్టేడియం ఊగిపోయింది. 80 నిమిషాలకు స్కోరు 9-9. న్యూజిలాండ్ ఆటగాడు జెఫ్ విల్సన్ ఒంట్లో బాగోక మధ్యలోనే బయటికి వెళ్లిపోయాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో జోయెల్ స్ట్రాన్‌స్కీ డ్రాప్ గోల్ కొట్టాడు. 15-12. కప్పు దక్షిణాఫ్రికాది.

అసలు కథ ఆ తర్వాతే!

న్యూజిలాండ్ కోచ్ లారీ మెయిన్స్ ప్రైవేట్ డిటెక్టివ్‌ని పెట్టుకున్నాడు. సూజీ అనే వెయిట్రెస్ తమవాళ్లు తాగేవాటిలో ఏదో కలిపిందని ఆరోపించాడు. వెనకాల బెట్టింగ్ ముఠాలున్నాయనే అనుమానాలూ వచ్చాయి. ఇదంతా ఓడిపోయినవాళ్ల ఏడుపు అని కొట్టిపారేద్దామంటే, ఇంకో సాక్షి ఉన్నాడు. మండేలా బాడీగార్డ్ రోరీ స్టెయిన్. ఆ టోర్నీలో న్యూజిలాండ్ టీమ్ సెక్యూరిటీ చూసింది ఆయనే. గెలిచిన దేశం మనిషే అయినా, అది కావాలని పెట్టిన విషమేనని తన పుస్తకంలో రాశాడు.

మరి రుజువు? లేదు. పాడైన తిండి తిన్నా ఇవే లక్షణాలు. ఒకే చోట తిన్నవాళ్లందరూ ఒకేసారి పడిపోవడం అందులోనూ మామూలే. ఎవరికీ శిక్ష పడలేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇలాంటి కేసు కొత్త కాదు. రాత్రి సర్వర్ పడిపోతుంది, చూస్తే లాగ్స్ ఉండవు. అప్పుడు తప్పంతా షిఫ్ట్‌లో ఉన్న జూనియర్ మీదకి తోసేస్తారు. ఎదురు మాట్లాడే స్థాయి ఆ కుర్రాడికి ఉండదు కదా! ఈ కథలో కోచ్‌కి పేరుంది, బాడీగార్డ్‌కి పుస్తకం ఉంది. బెట్టింగ్ ముఠా ఉంటే గింటే దానికి డబ్బుంది. టేబుల్ దగ్గర నీళ్లు పోసే మనిషికి ఏముంది?

30 ఏళ్లు దాటింది. సూజీ అసలు పేరేంటో, ముఖం ఎలా ఉంటుందో, ఆమె ఏమంటుందో ఇప్పటికీ బయటికి రాలేదు. అలాంటి మనిషి నిజంగా ఉందో లేదో కూడా తేలలేదు. దోషి ఎవరంటే మాత్రం, రగ్బీ ఫ్యాన్స్ ఆ పేరే చెబుతారు.