కొనకుండా నాటిన చెట్టు

చెట్టు అనగానే మా ఊళ్ళో చింతచెట్టో వేపచెట్టో గుర్తొస్తుంది. స్టాటిస్టిక్స్ విద్యార్థులకు ఇంకో చెట్టు ఉంది: వర్గీకరణ వృక్షం. దీనికి వేరు పైన, ఆకులు కింద! వేరు దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది. అవునంటే ఒక కొమ్మ, కాదంటే మరో కొమ్మ. చివరి ఆకు దగ్గర జవాబు. సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూసి, నడక చూసి, సుళ్ళు చూసి తేల్చుకోడా? ఇదీ అంతే.

1984లో బ్రైమన్, ఫ్రీడ్‌మన్, ఓల్షెన్, స్టోన్ అనే నలుగురు ఈ పద్ధతిని ఒక గ్రంథంగా రాశారు. కంప్యూటరు చేత ఈ పని చేయించాలంటే సాఫ్ట్‌వేర్ కావాలి. డబ్బు పోసి కొనడం మనబోటి వాళ్ళ వల్ల కాదు. వెతగ్గా 'ఆర్' దొరికింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో ఇహాకా, జెంటిల్‌మన్ అనే అధ్యాపకులు మొదలుపెట్టిన దీనికి పైసా ఖర్చు లేదు. చెట్లు కట్టే 'ఆర్‌పార్ట్' దాంతోపాటే వస్తుంది. కమాండ్లు కొట్టడానికి జంకేవారికి ఆ దేశపు వైకాటో విశ్వవిద్యాలయం వారి 'వెకా' ఉంది. అదీ ఉచితమే.

ఆర్‌లో ఐరిస్ పూల కొలతలు ముందే ఉంటాయి. మూడు జాతులు, జాతికి 50 చొప్పున 150 పూలు. ఆర్‌పార్ట్ వేసే మొదటి ప్రశ్న: రేకు పొడవు 2.45 సెంటీమీటర్ల కంటే తక్కువా? అవునంటే అవన్నీ సెటోసాలే. మిగిలిన 100 పూలకు రెండో ప్రశ్న: రేకు వెడల్పు 1.75 కంటే తక్కువా? ఈ రెండు ప్రశ్నలతోనే 144 పూలు సరిగా తేలతాయి. తప్పులు ఆరే!

ఆ హుషారులో మా నాయన నోటుపుస్తకం తీశాను. అందులో 14 ఏళ్ళ వేరుశనగ లెక్కలున్నాయి. ఆర్‌పార్ట్ ఒక్క కొమ్మ కూడా వెయ్యలేదు. మనం మార్చకపోతే, 20 కంటే తక్కువ వరుసలున్నచోట అది చీల్చదు. నేను ఆ 20ని 2 చేశాను. అప్పుడు 14 ఏళ్ళూ తప్పు లేకుండా తేలాయి! "ఆలస్యంగా విత్తితే నష్టం" అని ఒక కొమ్మ చెప్పింది. ఈ ఏడు వాన ఆలస్యమైంది. విత్తనం వెయ్యొద్దని నాయనతో గట్టిగా చెప్పాను.

ఆయన ఆ కొమ్మ ఏ సంవత్సరానిదో అడిగి, "ఆ ఏడు మీ తాత పోయినాడు కదరా. దినాలైనాకనే విత్తినాము. ఇంటిల్లిపాదీ దుఃఖంలో ఉంటిమి, కలుపు తీసిందెవరు? తేదీదేముంది పాపం?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నా చెట్టు పంట గుణం చెప్పలేదు, మా ఇంటి చావును కంఠతా పట్టింది. తెలిసిన లెక్కలకు నూటికి నూరు తెచ్చుకున్న చెట్టును నమ్మరాదు. కొన్ని వరుసలు దాచిపెట్టి, వాటిమీద పరీక్షించాలి. 14 వరుసలతో అదీ కష్టమే.

మిత్రులారా! సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. లెక్కలు మాత్రం ఏళ్ళ తరబడి రాసుకోవాల్సిందే. మా నాయన విత్తనం వేశాడు. ఆ పుస్తకంలో పదిహేనో వరుస ఈసారి నేనే రాస్తాను, కలుపు ఎప్పుడు తీశామో కూడా చేర్చి.