గుత్తి సాలీడు, నల్లమల అలుగు: రెండింటికీ ముప్పే, కారణాలు మాత్రం వేరు

నీలం రంగులో మెరిసిపోయే పెద్ద సాలీడు వీడియో ఫోన్‌లో కనిపిస్తే, కూకట్‌పల్లి ఫ్లాట్లలో పెరిగే పిల్లలు అదేదో అమెజాన్ అడవిది అనుకుంటారు. కాదు, అది మన తెలుగు నేలదే. 1899లో శాస్త్రవేత్త పోకాక్ దీన్ని మొదటిసారి వర్ణించారు. అనంతపురం జిల్లా గుత్తిలో దొరికింది కాబట్టి గుత్తి సాలీడు అనే పేరు వచ్చింది. ఆ తర్వాత వందేళ్ల దాకా జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది.

అదే నల్లమలలో అలుగు కూడా ఉంటుంది. ఇంగ్లీషులో పంగోలిన్ అంటారు. ఒళ్లంతా పొలుసులున్నా ఇది పాలిచ్చే జంతువే. రాత్రిపూట తిరిగి చీమలు, చెదలు తింటుంది.

ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో రెండూ ఉన్నాయి. అలుగు ప్రమాదంలో ఉంటే, సాలీడు అంతకంటే పై మెట్టులో, అత్యంత ప్రమాదంలో ఉంది. ఎందుకీ తేడా?

అలుగు మన దేశంతో పాటు పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లోనూ బతుకుతుంది. సాలీడుకు ఉన్నది వంద చదరపు కిలోమీటర్ల లోపు అడవి ముక్క ఒక్కటే. పాత చెట్ల తొర్రలే దాని ఇల్లు. కలప కోసమో, వంటచెరకు కోసమో ఆ చెట్లు కొట్టేస్తే అది పోవడానికి వేరే చోటు లేదు. విదేశాల్లో చాలామంది దీన్ని గాజు పెట్టెల్లో పెంచుతున్నారు, పిల్లలు కూడా పుడుతున్నాయి. అయినా దానివల్ల అడవిలో చెట్లు మిగలవు కదా!

అలుగును చంపేది వేట. భయపడితే ఉండలా చుట్టుకుంటుంది. పులి నోటికి చిక్కకుండా కాపాడే ఆ అలవాటే మనిషి చేతికి సులువుగా దొరికేలా చేస్తుంది. కాన్పుకు సాధారణంగా ఒక్కటే పిల్ల, కాబట్టి పోయినవాటి లెక్క త్వరగా పూడదు. పొలుసుల్లో మందు గుణం ఉందని నమ్మి కొంటారు. కానీ అవి మన గోళ్లు తయారయ్యే కెరాటిన్‌తోనే తయారవుతాయి. 2016లో ప్రపంచ దేశాలు వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. మన చట్టం ప్రకారం అలుగును వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా జైలు.

అంటే సాలీడుకు చెట్లు నిలవాలి, అలుగుకు వేట ఆగాలి. నగరంలో ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. నీలం సాలీడు పెంచుకోవాలని పిల్లలు అడిగినా, పొలుసుల ఉంగరం మంచిదని ఎవరైనా చెప్పినా, కొనకండి. కొనేవాళ్లు లేకపోతే పట్టేవాళ్లూ తగ్గుతారు.