నిమ్మనూనెయు ఎండయు

2008 మార్చిలో శంషాబాదున రాజీవ్ గాంధీ విమానాశ్రయము తెరువబడినది. అచట దిగినవారిని తొలుత పలుకరించునది దక్కను ఎండ. మెడకు నిమ్మనూనె పూసికొన్నవారికి ఆ పలుకరింపు కీడు చేయవచ్చును.

నిమ్మతొక్క పిండి తీసిన నూనెలో బెర్గాప్టెన్ వంటి పదార్థములు గలవు. వానికి అతినీలలోహిత కిరణములు తోడైనచో చర్మము కమలును. ఇది కొందరికే సరిపడని అలర్జీ కాదు, ఎవరికైనను కలుగవచ్చును. మంట వెంటనే తెలియదు. ఒకటి రెండు దినములకు బొబ్బలు లేచి, మానిన పిదప నల్లమచ్చలు నెలల తరబడి నిలుచును. కారు అద్దము ఆ కిరణములను పూర్తిగా ఆపజాలదు.

కనుకనే అంతర్జాతీయ పరిమళద్రవ్య సంఘము చర్మముపై నిలిచెడి లేపనములలో ఈ నూనె నూటికి 0.7 పాళ్లు మించరాదన్నది. ఆవిరిపట్టి దించిన నిమ్మనూనెలో ఈ దోషము దాదాపు లేదు.

పరిమళమును విడువనక్కరలేదు, దుస్తులు కప్పెడి చోట పూసికొనిన చాలును. ఎండలో నిమ్మకాయలు పిండెడి సోడాబండివాని చేతులకును ఇదే ముప్పు. అతనికి కావలసినది సబ్బు, నీళ్లు, కాసింత నీడ.