వైర్ మెష్ పార్టిషన్: జాలీ కొనేముందు నేలమీద ముగ్గు పోయండి

ఫ్యాక్టరీ లేఅవుట్ల మీద మనం చేసుకుంటున్న ఎపిసోడ్లలో ఈరోజు విషయం వైర్ మెష్ పార్టిషన్. షాప్ ఫ్లోర్‌లో అందరూ జాలీ అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. "జాలీయే కదా, వెల్డర్‌ని పిలిస్తే రెండు రోజుల్లో కొట్టేస్తాడు" అని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అందుకని ముందు నా తప్పు చెప్పి, తర్వాత పద్ధతి చెబుతాను.

పటాన్‌చెరు వైపు ఒక ప్యాకింగ్ యూనిట్. స్టోర్లో సామాను పోతోందని ఓనరు గారు గోడవు మూలన జాలీ కట్టమన్నారు. నేను కొలతలు తీసుకున్నాను, గీత గీశాను, కట్టించాను. పని బాగా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా. నాలుగు నెలల తర్వాత అక్కడ ఫైర్ మాక్ డ్రిల్ పెట్టారు. సైరన్ మోగగానే ప్యాకింగ్ వాళ్లంతా అలవాటుగా వెనక తలుపు వైపు పరిగెత్తారు. ఆ తలుపు నా జాలీ లోపల ఉండిపోయింది. జాలీకి తాళం. తాళంచెవి ఉన్న స్టోర్ కీపర్ టీకి వెళ్లాడు. పదిహేనుమంది జాలీ పట్టుకుని నిలబడ్డారు, వెనకనుంచి ఇంకా జనం వస్తున్నారు. అది డ్రిల్ కాబట్టి అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ. మర్నాడే వెళ్లి నా ఖర్చుతో మూడు ప్యానెళ్లు విప్పి, గీత వెనక్కి జరిపించాను.

అప్పటినుంచి నా మొదటి సూత్రం ఒకటే. ఇల్లు కట్టేముందు ముగ్గు పోస్తాం కదా, జాలీకి కూడా అలాగే నేలమీద గీత గీయండి. సుద్దముక్కతోనో, రంగు టేపుతోనో. గీసి రెండు మూడు రోజులు వదిలేయండి. ప్యాలెట్ ట్రక్కు ఎక్కడ తిరుగుతోంది, మనుషులు ఎటు నడుస్తున్నారు, ఏ షిఫ్టులో ఎవరు ఆ గీత దాటుతున్నారు, అన్నీ కనిపిస్తాయి. మూడు షిఫ్టులూ చూడండి, పగటి నడక వేరు, రాత్రి నడక వేరు. ఎమర్జెన్సీ తలుపు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, హోస్ రీల్, మెయిన్ స్విచ్, ఈ నాలుగూ గీత లోపల ఉండిపోతే ఆ గీత పనికిరాదు. అగ్నిప్రమాదంలో జనం బయటపడే దారి గురించి, 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షన్ చెప్పేది. ఆ దారికి ఎప్పుడూ అడ్డు ఉండకూడదు. జాలీకి ఆ రూలు వర్తించదని అనుకోవద్దు.

రెండో ప్రశ్న: ఈ జాలీ ఎందుకు? దొంగతనం ఆపడానికా, మెషీన్ దగ్గరకు మనిషి వెళ్లకుండానా, సామాను విడివిడిగా పెట్టుకోవడానికా? ఈ మూడింటికీ జాలీ వేరు.

స్టోర్ కోసమైతే 50 మి.మీ. చదరపు కన్ను ఉన్న వెల్డెడ్ మెష్ చాలాచోట్ల సరిపోతుంది. బేరింగులు, టూల్ బిట్ల లాంటి చిన్న సామాను ఉంటే 25 మి.మీ. కన్ను తీసుకోండి, లేకపోతే వేళ్లతోనే లాగేస్తారు. తీగ మందం దగ్గర ఒక గందరగోళం ఉంది. గేజ్ నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది. 8 గేజ్ అంటే సుమారు 4 మి.మీ., 10 గేజ్ అంటే 3.25 మి.మీ. "పది గేజ్ ఇస్తున్నాం సార్, ఎనిమిది కన్నా ఎక్కువ" అని ఒక కుర్రాడు నాతోనే అన్నాడు! కొటేషన్‌లో గేజ్‌తోపాటు మి.మీ. కూడా రాయించుకోండి. సరుకు వచ్చాక వెర్నియర్ పెట్టి కొలవండి.

మెషీన్ చుట్టూ అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. కదిలే భాగాలకు కంచె ఉండాలని అదే చట్టం 21వ సెక్షన్ చెప్పేది. ఎంత దూరంలో ఉండాలన్నదానికి ఐఎస్ఓ 13857 అనే ప్రమాణం చూడాలి. అందులోని తర్కం చాలా సులువు. కన్నులోంచి ఏం దూరుతుంది? వేలా, చెయ్యా, భుజం దాకానా? చదరపు కన్ను 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటే ప్రమాదస్థలానికీ జాలీకీ మధ్య కనీసం 120 మి.మీ. ఉండాలి. 30 దాటి 40 లోపైతే 200 మి.మీ. 40 దాటిందా, ఏకంగా 850 మి.మీ. ఎందుకంటే అప్పుడు చెయ్యి భుజందాకా దూరిపోతుంది. అంటే స్టోర్‌కి తెచ్చిన 50 మి.మీ. జాలీ మిగిలిందని తీసుకెళ్లి కన్వేయర్ చైన్ పక్కన జానెడు దూరంలో బిగిస్తే, అది కంచె కాదండీ, కంచె ఉందన్న భ్రమ. జాలీ లేనప్పుడు మనిషి భయంతో దూరంగా ఉంటాడు, ఉంటే ధీమాగా ఆనుకుంటాడు. ఇక్కడ గేటుకు ఇంటర్‌లాక్ కూడా కావాలి. గేటు తెరిస్తే మెషీన్ ఆగాలి, మూసినంత మాత్రాన మళ్లీ దానంతట అది మొదలుకాకూడదు.

ఇక కొలతలు. ఒక ఉదాహరణ వేసుకుందాం. మూలన 20 అడుగులు, 12 అడుగులు స్టోర్ కావాలి. రెండు వైపులా గోడ ఉంది, మిగతా రెండు వైపులా జాలీ. షీటు 8 బై 4 అడుగులు. 32 అడుగులు భాగించు నాలుగు, ఎనిమిది ప్యానెళ్లు అని చకచకా రాసేస్తాం. పోస్టుల వెడల్పు మర్చిపోయాం! పోస్టు 2 అంగుళాలు అనుకుంటే, 20 అడుగుల వైపు ఆరు పోస్టులు పడతాయి. అంటే ఒక అడుగు పోస్టులకే పోయింది, జాలీకి మిగిలింది 19 అడుగులు. నాలుగు పూర్తి ప్యానెళ్లు, ఒకటి 3 అడుగులది. 12 అడుగుల వైపు, మూల పోస్టుతో కలిపి నాలుగు పోస్టులు, 8 అంగుళాలు. జాలీకి 11 అడుగుల 4 అంగుళాలు. ఇది ముందే లెక్కేస్తే చివరి ప్యానెల్ షాపులోనే శుభ్రంగా కట్ అయి వస్తుంది. లేదంటే సైటులో గ్రైండర్, నిప్పురవ్వలు, పక్కనే అట్టపెట్టెలు. అది ఇంకో ప్రమాదం.

తలుపు కూడా 4 అడుగులే పెట్టేస్తుంటారు. 4 అడుగులంటే 1219 మి.మీ. అందులో ఫ్రేము కొంత తినేస్తుంది. ప్యాలెట్ 1200 బై 1000 ఉంటే, వెడల్పు వైపునుంచి అది దూరదు. ప్యాలెట్ లోపలికి వెళ్లాలంటే కనీసం 5, 6 అడుగుల స్లైడింగ్ తలుపు పెట్టండి. తాళం ఏదైనా సరే, లోపలున్న మనిషి తాళంచెవి లేకుండా బయటికి రాగలగాలి. బయట గొళ్లెం పెట్టి ప్యాడ్‌లాక్ వేసే పద్ధతి వద్దు. లోపల మనిషి ర్యాక్ వెనక వంగి లెక్క రాసుకుంటుంటే బయట తాళం పడిపోవచ్చు.

జాలీకి ఉన్న పెద్ద లాభం గాలి, వెలుతురు, స్ప్రింక్లర్ నీళ్లు దాంట్లోంచి వెళ్లడం. ఆ లాభాన్ని మనమే పోగొట్టుకుంటాం. జాలీకి ఆనించి పైదాకా అట్టపెట్టెలు పేరుస్తాం, లేదా లోపలిది కనపడకూడదని ఫ్లెక్సీ కడతాం. అప్పుడది జాలీ కాదు, గోడ. గ్యాస్ సిలిండర్లకు జాలీ బోను మంచిదే, గాలి ఆడుతుంది. కానీ ఆక్సిజన్, ఎసిటిలిన్ ఒకే బోనులో కలపొద్దు. నిండువీ ఖాళీవీ కూడా వేరుగా ఉంచండి.

చివరగా మూడు చిన్న విషయాలు. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే వైపు పోస్టుల ముందు బొల్లార్డులు పాతండి. యాంకర్ బోల్టు ఎంత గట్టిదైనా ఫోర్క్‌లిఫ్ట్ దెబ్బకు ఆగదు. కరెంటు ప్యానెళ్ల చుట్టూ కడితే జాలీకి ఎర్తింగ్ తప్పనిసరి, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. వెల్డింగుతో అతికించే బదులు బోల్టులతో బిగించండి. రేపు లేఅవుట్ మారితే విప్పి మళ్లీ వాడుకోవచ్చు. నా తప్పు నేను ఒక్క రోజులో దిద్దుకోగలిగానంటే, ఆ ప్యానెళ్లు బోల్టులతో బిగించినవి కావడం వల్లే.

కట్టడం పూర్తయ్యాక బిల్లు ఇచ్చేముందు ఇప్పుడు నేనొక పని చేస్తాను. అక్కడ పనిచేసే వాళ్లలో కొత్తగా చేరినవాణ్ణి ఒకణ్ణి పిలిచి, "నాయనా, ఇప్పుడు మంటలొచ్చాయనుకో, నువ్వు బయటికి ఎటు వెళ్తావ్?" అని అడుగుతాను. వాడు ఆలోచించకుండా నడిచి బయటికి వెళ్లిపోతే పని అయినట్టు. జాలీ ముందు ఒక్క క్షణం ఆగాడా, గీత మళ్లీ చూసుకోవాల్సిందే.

వచ్చే ఎపిసోడ్‌లో ర్యాకుల లోడు ఎలా లెక్కవేయాలో మాట్లాడుకుందాం.