వెనక కూర్చున్నవారికి మాట రెండుసార్లు ఎందుకు వినిపిస్తుంది?

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, పండు వెన్నెల్లో జరుగుతుంది. వేలమంది చూడవస్తారు. అంత జనం చేరే చోట వేదిక దగ్గరి స్పీకర్లే చాలవు, మధ్యమధ్యలో కూడా పెట్టాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఏమిటా చిక్కు?

తీగలో సిగ్నల్ రెప్పపాటుకన్నా ముందే చేరిపోతుంది. గాలిలో శబ్దం మాత్రం, 30 డిగ్రీల వేడిలో, సెకనుకు సుమారు 350 మీటర్లే వెళ్తుంది. వేదికకు 100 మీటర్ల దూరంలోని స్పీకరు మంత్రాన్ని వెంటనే పలికేస్తుంది. వేదిక దగ్గరి స్పీకరు శబ్దం అక్కడికి 0.29 సెకను ఆలస్యంగా వస్తుంది. ఒకే మాట రెండుసార్లు!

ఎలా సరిచేస్తారు?

వేదిక శబ్దమే ముందు చేరేలా, దూరపు స్పీకరును కావాలనే 0.29 సెకనుకన్నా కాస్త ఎక్కువసేపు ఆపుతారు. ముందుగా చెవిన పడిన శబ్దం ఎటునుంచి వస్తే, మాట అటునుంచే వచ్చిందని మెదడు అనుకుంటుంది. 1949లో జర్మనీకి చెందిన హెల్ముట్ హాస్ దీన్ని వివరంగా పరిశోధించాడు.

మరి ఇంట్లో?

హోమ్ థియేటర్‌కూ ఇదే లెక్క. కూర్చునే చోట మైకు పెట్టి, ఒక్కో స్పీకరు ఎంత దూరంలో ఉందో, ఎంత గట్టిగా మోగుతోందో కొలిచి సరిచేస్తారు.

దరువు లాంటి మంద్ర శబ్దాలను పలికే సబ్‌వూఫర్ సంగతి వేరు. 50 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. చాలా గదులకన్నా ఎక్కువే! అది గోడలకు తగిలి తిరిగొచ్చి, కొన్నిచోట్ల హోరెత్తుతుంది, కొన్నిచోట్ల సన్నగిల్లుతుంది. అందుకో ఉపాయం ఉంది. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, పాట మోగిస్తూ గదంతా తిరగండి. దరువు సమంగా, స్పష్టంగా వినిపించిన చోటే దాన్ని ఉంచండి.